ఏసీలో గ్యాస్ అయిపోదు

మార్చి నెలాఖరు నుంచి తొలకరి దాకా మన ఊళ్లలో ఏసీ మెకానిక్కుకు తీరిక ఉండదు. ఆ రోజుల్లో అతని ఫోనుకు ఎక్కువగా వచ్చే మాట "గ్యాస్ అయిపోయినట్టుంది, ఒకసారి వచ్చి నింపండి" అన్నది. నిరుడు నింపించాం, ఈ ఏడూ నింపిస్తాం, వచ్చే ఏటి సంగతి అప్పుడు చూద్దాం అన్న తీరులో చాలా ఇళ్లలో అది ఇంటిపన్ను లాంటి వార్షిక ఖర్చుగా స్థిరపడిపోయింది. ఈ వృత్తిలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు కుర్రవాళ్లకు పని నేర్పుతున్నవాడిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏటా గ్యాస్ నింపించుకోవడం సర్వీసు చేయించుకోవడం కాదు, చేయాల్సిన సర్వీసును వాయిదా వేయడం. ఆ వాయిదాకు డబ్బిచ్చి మరీ ప్రోత్సహిస్తున్నది మనమే.

వంటింటి సిలిండరులోని గ్యాస్ మండి ఖర్చవుతుంది. ఏసీలోని గ్యాస్ పని అది కాదు. ఇండోర్ కాయిల్‌లో అది ద్రవం నుంచి ఆవిరిగా మారుతూ గదిలోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి అవుట్‌డోర్ కాయిల్‌లోకి తోస్తుంది. అక్కడ ఆ వేడిని బయటి గాలికి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. క్యాపిలరీ అనే సన్న గొట్టం గుండానో ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గుండానో ఒత్తిడి తగ్గించుకుని తిరిగి ఇండోర్‌కు చేరుతుంది. ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీలో ఉండేదంతా కలిపి సుమారు 700 గ్రాముల నుంచి కిలో దాకా మాత్రమే. యంత్రం బతికున్నంత కాలం తిరగాల్సింది ఆ గ్యాసే. అందులో తరుగుదల కనిపించిందంటే ఎక్కడో ఒక జాయింటు వదులైంది, లేదా కాయిల్‌కు చిల్లు పడింది. ఆ చోటు కనిపెట్టకుండా మళ్లీ నింపితే, కొత్తగా పోసినది కూడా ఆ దారినే పోతుంది.

అయితే లీకు గురించి మాట్లాడే ముందు అసలు గ్యాస్ తగ్గిందో లేదో తేల్చాలి. చల్లదనం తగ్గిన ప్రతి ఏసీలోనూ గ్యాస్ తక్కువై ఉండదు. మొన్నటి మే నెలలో మా పక్క ఫ్లాటు వారింటికి ఒక మెకానిక్కు వచ్చాడు. ఇరవై ఏళ్లు దాటాయో లేదో అనిపించే కుర్రవాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడే. నేను వెళ్లేసరికి అవుట్‌డోర్‌కు గేజు తగిలించి, చేతిలో గ్యాస్ క్యానుతో సిద్ధంగా ఉన్నాడు.

"ఏమంటోంది తమ్ముడూ?" అన్నాను.

"గ్యాస్ తక్కువ సార్. ఆర్-32 గ్యాస్ మెషిను, ఒత్తిడి నూట నలభై, నూటయాభై ఉండాలి. తొంభై చూపిస్తోంది."

"తూకం తెచ్చావా?"

"తూకం ఎందుకు సార్? గేజు చూసి ఆపేస్తాం."

ఇండోర్ మూత తెరిపించాను. ఫిల్టరు మీద దుమ్ము గొంగళిలా పేరుకుపోయి ఉంది. దాని వెనక కాయిల్ రేకుల మధ్య సందులు పూడిపోయి, కింది భాగంలో మంచు కట్టింది. కాయిల్ మీదుగా గాలి ఆడనప్పుడు లోపలి ద్రవానికి ఆవిరి కావడానికి తగినంత వేడి అందదు. అప్పుడు సక్షన్ ఒత్తిడి, అంటే కంప్రెసర్ గ్యాస్ పీల్చుకునే వైపు ఒత్తిడి, పడిపోతుంది. గ్యాస్ తగ్గినా ఆ ఒత్తిడే పడిపోతుంది. గేజు ముల్లుకు ఈ రెంటి మధ్య తేడా తెలియదు, చూసే మనిషికి తెలియాలి. మంచు కరగనిచ్చి, ఫిల్టరు, కాయిల్, బ్లోయరు కడిగి మళ్లీ నడిపితే ఒత్తిడి దాని చోటికి అదే వచ్చింది. క్యాను తెరవాల్సిన పనే పడలేదు. తెరిచి ఉంటే ఆ యంత్రంలో ఉండాల్సిన దానికంటే ఎక్కువ గ్యాస్ చేరేది, కాయిల్ శుభ్రం చేసిన తర్వాత కండెన్సర్ (అవుట్‌డోర్ కాయిల్) వైపు ఒత్తిడి అనవసరంగా పెరిగేది, కరెంటు బిల్లు లేచేది, ఆవిరి కాని ద్రవం కంప్రెసర్‌లోకి చేరి దాని ఆయుష్షు తగ్గేది. అప్పుడు మాత్రం అందరూ కంపెనీని తిట్టేవారు.

గేజు చూసి నింపే అలవాటు పాత ఏసీల్లో ఆర్-22 అనే గ్యాస్ వాడిన కాలం నాటిది. కంప్రెసర్ ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగే ఆ యంత్రాల్లో గేజు మీద 65, 70 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూసి ఆపితే పని దాదాపుగా కుదిరేది. ఇన్వర్టర్ యంత్రంలో కంప్రెసర్ వేగం నిమిషనిమిషానికీ మారుతుంది, వాల్వ్ తెరుచుకునే మేర మారుతుంది, వాటితో పాటు ఒత్తిడీ మారుతుంది. అలాంటప్పుడు ఏ క్షణం నాటి అంకెను నమ్మాలి? నమ్మదగిన అంకె ఒక్కటే, అవుట్‌డోర్ పక్కన అతికించిన పట్టీ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. పైపు కంపెనీ చెప్పిన పొడవుకు మించితే మీటరుకు ఇన్ని గ్రాములు కలపాలని మాన్యువల్‌లో ఉంటుంది. ఉన్నదంతా తీసేసి, తూకం మీద పెట్టి, ఆ బరువు ఎక్కించడమే సరైన పద్ధతి. తూకం లేని మెకానిక్కు గ్యాస్ సగం తెచ్చాడో మొత్తం తెచ్చాడో మనకు తెలియదన్నది చిన్న సంగతి. ఎంత పోశాడో అతనికే తెలియదన్నది పెద్ద సంగతి.

ఇక నిజంగానే లీకు ఉన్నప్పుడు జరగాల్సిన పని ఏమిటో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనం డబ్బివ్వాల్సింది ఆ పనికి. యంత్రంలో మిగిలిన గ్యాస్‌ను రికవరీ మిషనుతో వేరే సిలిండరులోకి తీసుకోవాలి. ఆ సిలిండరును ఎనభై శాతానికి మించి నింపకూడదు. ఎండకు ద్రవం వ్యాకోచించినప్పుడు చోటు లేకపోతే సిలిండరు పగులుతుంది. తర్వాత తేమ లేని నైట్రోజన్‌ను రెగ్యులేటరు ద్వారా పైపుల్లోకి ఎక్కించి, ప్రతి జాయింటు మీదా సబ్బు నురగ రాసి ఓపికగా చూడాలి. నిండు నైట్రోజన్ సిలిండరులో సుమారు 150 బార్ ఒత్తిడి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ఉంటుంది కాబట్టి రెగ్యులేటరు లేకుండా తగిలించడమంటే ఏసీ కాయిల్‌ను బాంబుగా మార్చడమే. నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ ఎక్కించే దుస్సాహసం ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. కంప్రెసర్ నూనె, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కలిస్తే పేలుడుకు నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. మామూలు గాలి ఎక్కించినా ప్రమాదమే.

ఈ పరీక్షలో ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మధ్యాహ్నం 42 డిగ్రీల్లో 400 పీఎస్ఐ పెట్టి వాల్వు మూసి, తెల్లవారుజామున 28 డిగ్రీల్లో చూస్తే, ఏ లీకూ లేకపోయినా గేజు సుమారు 18 పీఎస్ఐ తగ్గి కనిపిస్తుంది. ఈ లెక్క తెలియనివాడు లేని లీకు కోసం గోడ పగలగొడతాడు. తెలిసినవాడు ఉదయం ఉష్ణోగ్రత రాసుకుని, మర్నాడు ఉదయమే మళ్లీ చూస్తాడు.

లీకులు ఎక్కువగా దొరికేది ఫ్లేర్ నట్ల దగ్గర, అంటే పైపు చివరను గరాటులా వెడల్పు చేసి నట్టుతో బిగించే చోట. రాగి పైపు కోసినప్పుడు లోపలి అంచున మిగిలే గరుకును గీకకుండా ఫ్లేర్ కొట్టినా, గీకిన పొడి లోపల పడేలా పైపును పైకెత్తి పట్టుకున్నా, నట్టును టార్క్ రెంచితో కాక భుజబలంతో బిగించినా, ఆ జాయింటు ఒకటి రెండు వేసవులు నిలిచి మూడో వేసవిలో వదులుతుంది. మిగిలిన లీకులు కాయిల్‌వి. విశాఖ సముద్రపు గాలిలోని ఉప్పు అవుట్‌డోర్ రేకుల్ని తింటే, మురుగుకాలువల పక్క ఇళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లబరిచి తొలిచేస్తుంది. మన చేతులారా తెచ్చుకునే లీకులు కూడా ఉన్నాయి. "కెమికల్ వాష్" పేరుతో ఘాటైన ఆమ్లం చల్లి, సరిగా కడగకుండా వదిలేస్తే తెల్లగా మెరిసిన కాయిల్ ఏడాది తిరిగేసరికి కారుతుంది. ఆ మెరుపు చూసి మురిసి అదనంగా వంద ఇచ్చినవాళ్లను నేనెరుగుదును.

లీకు దొరికి, జాయింటు అతికించాక వాక్యూమ్, అంటే పైపుల్లో ఉన్నదంతా పంపుతో లాగేయడం. మొత్తం పనిలో ఎక్కువగా ఎగరగొట్టేది దీన్నే, ఎందుకంటే వాక్యూమ్ పంపు ఒక మూల గంటసేపు గుర్రుమంటూ తిరుగుతుంటే, ఏదో పని జరుగుతోందని ఎవరికీ అనిపించదు. తీస్తున్నది గాలి ఒక్కటే కాదు, తేమ కూడా. ఆర్-22 యంత్రాల్లో వాడిన ఖనిజ నూనె తేమను పెద్దగా పట్టుకోదు. తర్వాత వచ్చిన ఆర్-410ఏ, ఆర్-32 గ్యాస్‌ల యంత్రాల్లో వాడే ఎస్టర్ నూనె గాలిలోని తేమను ఆబగా పీల్చుకుంటుంది. నూనెలో చేరిన నీరు వేడికి ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం కంప్రెసర్ వైండింగు మీది పూతను తినేస్తుంది. తేమ పోవాలంటే పైపుల్లోని నీరు మరగాలి. 30 డిగ్రీల వాతావరణంలో నీరు మరగాలంటే ఒత్తిడి సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం కంటే తగ్గాలి. మనం చేరాల్సిన చోటు అరమిల్లీమీటరు, అంటే 500 మైక్రాన్లు. మామూలు గేజులో ఈ రెండు స్థితులూ ముల్లు చివర వెంట్రుకవాసి తేడాతో ఉంటాయి. అందుకే "ముల్లు కిందికి పడింది, అయిపోయింది" అన్న మాటకు విలువ లేదు. మైక్రాన్ గేజు ఉండాలి. పంపు ఆపి వాల్వు మూశాక అంకె కొంత పెరిగి ఒకచోట నిలిచిపోతే లోపల ఇంకా తేమ ఉన్నట్టు, నిలవకుండా పెరుగుతూనే ఉంటే లీకు మిగిలి ఉన్నట్టు. వాక్యూమ్ నిలబడింది కాబట్టి లీకు లేదని, నైట్రోజన్ పరీక్ష అక్కర్లేదని వాదించేవాళ్లుంటారు. వాక్యూమ్‌లో పైపు మీద పడే ఒత్తిడి భేదం ఒక్క బార్. మే నెల మధ్యాహ్నం ఆర్-32 యంత్రపు కండెన్సర్‌లో ఉండేది దాదాపు 30 బార్. ఒక బార్‌కు తెరుచుకోని సన్న చిల్లు 30 బార్‌కు తెరుచుకుంటుంది.

ఇంతవరకూ చెప్పింది యంత్రం బాగోగుల గురించి. కానీ గత పదేళ్లలో పరిస్థితి మారింది. పాత అలవాట్లు ఇప్పుడు ప్రాణాల మీదికి తెస్తాయి. ఆర్-22 మండేది కాదు. ఇప్పుడు మార్కెట్టును ఏలుతున్న ఆర్-32 కొద్దిగా మండే తరగతికి చెందినది. 2012లో గోద్రెజ్ మన దేశంలో మొదలుపెట్టిన ఆర్-290 యంత్రాల్లో ఉండేది ప్రొపేన్, వంటగ్యాస్‌కు దగ్గరి చుట్టం. భయపెట్టడం నా ఉద్దేశం కాదు కాబట్టి లెక్క చెబుతాను. పదడుగులు, పన్నెండడుగుల గది, పదడుగుల ఎత్తు అనుకుంటే అందులో ఉండేది సుమారు 34 ఘనమీటర్ల గాలి. 900 గ్రాముల ఆర్-32 మొత్తం కారిపోయి ఆ గదంతా సమంగా కలిసినా, అంటుకోవడానికి కావలసిన 14 శాతంలో పదో వంతుకు కూడా చేరదు. 350 గ్రాముల ప్రొపేన్ కారితే అంటుకునే 2.1 శాతంలో పావు వంతు దాటుతుంది. ఇంట్లోవాళ్లకు ఇవి భయపడాల్సిన అంకెలు కావు. అయితే ఈ వాయువులు గాలికంటే బరువైనవి, సమంగా కలవవు. నేల వెంబడి, కారే చోట గుమికూడతాయి. ఆ కారే చోటే పైపు అతికించే మంట వెలిగించి కూర్చునేవాడు మెకానిక్కు. ప్రమాదం ముందు వచ్చేది అతని ముఖం మీదికే.

కాబట్టి గ్యాస్ పూర్తిగా తీసి, నైట్రోజన్‌తో పైపుల్ని తుడిచి, కిటికీలు తెరిచి, ఆ తర్వాతే మంట వెలిగించాలి. అతికించేటప్పుడు సన్నగా నైట్రోజన్ పారిస్తూ ఉంటే పైపు లోపల నల్లని పొక్కులు కట్టవు. ఆ పొక్కులే తర్వాత క్యాపిలరీలో ఇరుక్కుంటాయి. మండని గ్యాస్‌లయితే మంట దగ్గర వదిలినా పరవాలేదనుకోవడం కూడా పొరపాటే. ఆర్-22 మంటలో విచ్ఛిన్నమైతే ఫాస్జీన్ వంటి విషవాయువు పుడుతుంది, ఆర్-32 నుంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. గొంతు పట్టేసినట్టు, కళ్లు మండినట్టు అనిపించిన వెంటనే పని ఆపి బయటికి రావాలి.

పంప్ డౌన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇల్లు మారే ప్రతివాడూ చేయించే పని అది. సన్న పైపు వాల్వు మూసి, కంప్రెసర్ నడిపి, గ్యాస్‌నంతా అవుట్‌డోర్‌లోకి లాగి, లావు పైపు వాల్వు మూసి, వెంటనే ఆపేస్తారు. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇండోర్ వైపు లీకు ఉన్న యంత్రాన్ని ఇలా నడిపినా, నడుస్తుండగానే నట్టు విప్పినా, కంప్రెసర్ గాలిని లోపలికి పీలుస్తుంది. గాలి, నూనె తుంపర్లు కలిసి ఒక్కసారిగా నొక్కబడితే డీజిల్ ఇంజనులో జరిగేదే కంప్రెసర్‌లో జరుగుతుంది, ఇనుప డొల్ల పేలిపోతుంది. జపాన్‌లో ఇలాంటి పేలుళ్లు జరిగి, హెచ్చరికలు కూడా జారీ అయ్యాయి. లీకున్న యంత్రానికి పంప్ డౌన్ చేయకూడదన్నది మా శిక్షణలో మొదటి వారమే చెప్పే మాట. బయట దాన్ని చాలామంది వినలేదు.

గ్యాస్‌కు సంబంధం లేని ఒక ప్రమాదాన్ని కూడా ఇక్కడే చెప్పాలి, మెకానిక్కులు నిజంగా భయపడేది దానికే. నాలుగో అంతస్తు గోడకు రెండు ఇనుప యాంగిళ్లు కొట్టి అవుట్‌డోర్ బిగిస్తాం. దాని దగ్గరికి మనిషి ఎలా చేరాలో కట్టినవాడు ఆలోచించడు, కొన్నవాడు ఆలోచించడు. కిటికీ చువ్వ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డ మనిషిని నైట్రోజన్ పరీక్ష చేయమంటే ఏం చేస్తాడు? గబగబా రెండు నిమిషాలు గ్యాస్ కొట్టి లోపలికి వస్తాడు. పని నాణ్యత సగం ఆ గోడ దగ్గరే తేలిపోతుంది. కరెంటు సంగతి సరేసరి: ఇన్వర్టర్ బోర్డు కెపాసిటర్లలో మెయిన్ కట్టేశాక కూడా సుమారు 300 వోల్టులు కొన్ని నిమిషాలు నిలిచి ఉంటాయి. అవి దిగాయో లేదో మీటరుతో చూసుకునే తీరిక ఒంటికాలి మీద ఉన్నవాడికి ఉండదు.

ఈ మాటలన్నీ విని ఒక మెకానిక్కు మిత్రుడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర తేలిక జవాబు లేకపోయింది. "అన్నా, నైట్రోజన్‌కి, వాక్యూమ్‌కి డబ్బులడిగితే కస్టమర్ ఇంకొకణ్ణి పిలుస్తాడు. గ్యాస్ అంటే మాత్రం రెండున్నర వేలు తీసి చేతిలో పెడతాడు. నన్నేం చేయమంటావు?" అతని మాట నిజం. కంటికి కనిపించని గ్యాస్‌కు మనం ధర కట్టగలం గానీ, కళ్లెదుట గడిచే రెండు గంటల శ్రమకు కట్టలేం. మే నెలలో అతనికి రోజుకు ఇన్ని ఇళ్లని లెక్క ఉంటుంది. ఒక ఇంట్లో మూడు గంటలు కూర్చుంటే మిగతా ఇళ్లవాళ్లు ఫోనులో తిడతారు. అంతేకాదు, ప్రతిసారీ సంపూర్ణ మరమ్మతే సరైనదని నేను కూడా అనను. పన్నెండేళ్ల పాత ఆర్-22 యంత్రం, గోడలో పూడ్చిన పైపులో ఎక్కడో సన్న లీకు, ఆరు నెలల్లో ఇల్లు ఖాళీ చేయబోయే అద్దెవారు అయితే కొంచెం గ్యాస్ కలిపి వేసవి గడపడం అర్థం చేసుకోదగిన నిర్ణయమే. కాకపోతే అది లీకున్న యంత్రమని, ఇది తాత్కాలికమని ఇంటివారికి చెప్పి చేయాలి. ప్రొపేన్ యంత్రంలో మాత్రం ఆ మినహాయింపు కూడా లేదు.

గాలిలోకి వదిలేసిన గ్యాస్ ఎక్కడికి పోతుందన్నది ఇంకో లెక్క. 800 గ్రాముల ఆర్-32 వాతావరణంలో కలిస్తే, నూరేళ్లలో భూమిని వేడెక్కించే లెక్కన అది 540 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం. అంటే సుమారు 230 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు. స్కూటరు మీద పదివేల కిలోమీటర్లు తిరిగినా అంత పొగ రాదేమో. ఆర్-22 అయితే కిలోకు 1.8 టన్నులు, పైగా ఓజోన్ పొరకు చేటు. 2016లో కిగాలిలో కుదిరిన ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. ఆర్-32 వంటి వాయువుల వాడకాన్ని 2032 నుంచి అంచెలంచెలుగా తగ్గించి 2047 నాటికి 85 శాతం కోత వేయాలి. ఆర్-22తో కొత్త ఏసీల తయారీ 2024తోనే ముగిసింది. 2019 నాటి జాతీయ శీతలీకరణ ప్రణాళిక లక్షమంది సర్వీసు మెకానిక్కులకు శిక్షణ, ధ్రువీకరణ లక్ష్యంగా పెట్టుకుంది. మంచిదే. కానీ శిక్షణలో రికవరీ మిషను మీద చేయి తిరిగిన కుర్రవాడు బయటికొచ్చాక, తీసిన గ్యాస్‌ను ఎవరికి అప్పగించాలో తెలియక, అప్పగించినా రూపాయి రాక, చివరికి వాల్వు పిన్ను నొక్కి గాలికి వదిలేస్తున్నాడు. పాత ఏసీ కొనే తుక్కు వ్యాపారి అయితే రాగి కోసం పైపును కట్టరుతో తెగ్గొడతాడు. ఈ గొలుసులో చివరి లంకె వేయకుండా మొదటి లంకెకు పాలిష్ పెట్టడం వల్ల ఒరిగేది తక్కువ.

మా అపార్ట్‌మెంటు సంఘంలో ఈ సంవత్సరం వార్షిక సర్వీసు ఒప్పందం మార్చి రాయించాను. గ్యాస్ నింపడం అన్న ఒకే పద్దు తీసేసి, లీకు వెతకడం, వాక్యూమ్, గ్యాస్ అని మూడుగా విడగొట్టాం. గ్యాస్‌ను మాత్రం గ్రాముల లెక్కన, తూకం చూపించి వేయాలని రాశాం. మొత్తం ఖర్చు మొదటిసారి పెరుగుతుందని ముందే చెప్పాను, కొందరు గొణిగారు. మెట్ల వైపున్న అవుట్‌డోర్లను చేయి అందే ఎత్తుకు దించడానికి, మిగతా వైపు నడుం బెల్టు తగిలించుకునే కొక్కేలు పిట్టగోడకు బిగించడానికి సంఘం నిధి నుంచి డబ్బు తీయడం మీద రెండు సమావేశాలు వాదన నడిచింది. కాంట్రాక్టరు పెట్టిన అభ్యంతరం ఒక్కటే: మే నెలలో లీకు పనికి అంతసేపు మనిషిని కేటాయించలేనన్నాడు. అందుకని లీకు అనుమానమున్న యంత్రాలన్నీ ఫిబ్రవరిలోనే నడిపి చూడాలని, అప్పుడే నైట్రోజన్ పెట్టాలని ఒప్పుకున్నాం. కొక్కేలు బిగించడం అయింది, అవుట్‌డోర్లు దించే పని ఇంకా మిగిలి ఉంది.